కమోడోర్ 64లో సరళీ స్వరాలు, తోడి గాంధారం పలికించడం ఎలా?

అడిగిన ప్రశ్న ఇది: "మేం చెన్నైలో ఉంటాం. మావయ్య ఎప్పుడో కువైట్ నుంచి తెచ్చిన కమోడోర్ 64 అటక మీద పెట్టెతో సహా దొరికింది. అప్పట్లో వీటి మీదే ఇళ్లల్లో పాటలు కట్టేవారట. మా అమ్మాయి వీణ నేర్చుకుంటోంది. ఇందులో సరళీ స్వరాలు, వీలైతే గమకాలు కూడా పలికించొచ్చా? ఎక్కడ మొదలుపెట్టాలి?"

పలికించొచ్చు. 1980ల ఇంటి కంప్యూటర్లలో మన సంగీతానికి అన్నిటికన్నా బాగా ఒదిగేది మీ చేతికి దొరికినదే. ఎందుకో కింద లెక్కలతో చెప్తాను. కానీ ముందు ప్లగ్గు పెట్టేయకండి.

ఈ మెషిన్లను చంపేది వాటి పవర్ సప్లయే. ఇటుకరాయిలా ఉండే ఆ డబ్బా నుంచి రెండు వోల్టేజీలు వస్తాయి: 5 వోల్టుల డీసీ, 9 వోల్టుల ఏసీ. లోపల రెగ్యులేటర్ చుట్టూ ఎపాక్సీ పోసి గడ్డ కట్టించేశారు కాబట్టి వేడి బయటికి పోదు. ఏళ్లు గడిచాక ఆ రెగ్యులేటర్ పాడైతే 5 ఉండాల్సిన చోట వోల్టేజీ పైకి ఎగబాకుతుంది, ముందుగా పోయేవి ర్యామ్ చిప్పులు. అందుకే కంప్యూటర్‌కి తగిలించకుండా, డబ్బాను మాత్రమే కరెంటుకి పెట్టి మల్టీమీటర్‌తో చూడండి. ప్లగ్గులో ఏడు పిన్నులుంటాయి, నంబర్లు వరసగా ఉండవు. ఒక చివర నుంచి 6, 1, 4, 2, 5, 3, 7. మధ్యలో ఉన్న 2 గ్రౌండు, దాని పక్కనున్న 5వ పిన్ను 5 వోల్టులు, రెండు చివర్లలో ఉన్న 6, 7 మధ్య ఏసీ. డీసీ 5.2 దాటిందంటే ఆ డబ్బా పని అయిపోయినట్టే. సరిగ్గా 5 చూపించినా నమ్మి గంటలకొద్దీ నడపొద్దు, వేడెక్కాక మారిపోవచ్చు. రిచీ స్ట్రీట్‌లో 9 వోల్టులు 1 ఆంపియర్ ట్రాన్స్‌ఫార్మర్, 5 వోల్టులు 3 ఆంపియర్ల ఎస్సెంపీఎస్ రెండూ దొరుకుతాయి. బెంగళూరువాళ్లకైతే ఎస్పీ రోడ్డు. రెండింటినీ ఒక ప్లాస్టిక్ పెట్టెలో బిగించి, మెయిన్స్ వైపు ఫ్యూజు వేసి, పాత ప్లగ్గు వైరు కోసి కలుపుకోవచ్చు. మెయిన్స్ పని అలవాటు లేకపోతే అక్కడే తెలిసిన మెకానిక్ చేత కట్టించండి. ఇంకొకటి: కువైట్ డబ్బా మన 230 వోల్టులకు పనికొస్తుంది. ఎవరికైనా అమెరికా నుంచి వచ్చినది దొరికితే అది 120 వోల్టులది, నేరుగా పెడితే కాలిపోతుంది.

చెన్నై గాలిలో ఉప్పు, తేమ రెండూ ఉన్నాయి. అటక మీద ఏళ్ల తరబడి ఉన్న బోర్డులో చిప్పుల కాళ్లకూ సాకెట్లకూ మధ్య పాచి పడుతుంది. కింద మూడు స్క్రూలు విప్పి, సాకెట్లలో ఉన్న చిప్పులను రెండు వైపులా కొద్దికొద్దిగా లేపి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కాళ్లు తుడిచి, తిరిగి అదే దిశలో నొక్కండి. ఒక చివర చిన్న గాటు ఉంటుంది, లేపే ముందు అది ఎటుందో ఫోన్‌లో ఫొటో తీసుకోండి. అలా చూస్తున్నప్పుడే 6581 లేదా 8580 అని రాసున్న 28 కాళ్ల చిప్పును గుర్తుపట్టండి. అదే సిడ్, మీ వాయిద్యం. 6581కి 12 వోల్టులు, 8580కి 9 వోల్టులు కావాలి. ఒకదాని బదులు ఒకటి పెట్టకండి, 12 వోల్టుల బోర్డులో పెడితే 8580 చెడిపోతుంది. సిడ్ బాగా వేడెక్కే చిప్పు. మే నెలలో వాడేటట్లయితే దాని మీద చిన్న అల్యూమినియం హీట్‌సింక్ అంటించడం మంచిది.

శబ్దం కోసం టీవీ స్పీకర్ మీద ఆధారపడొద్దు. వెనక వీడియో సాకెట్లో 3వ పిన్ను ఆడియో, 2 గ్రౌండు, 4 కాంపోజిట్ వీడియో. 3, 2 నుంచి షీల్డు వైరుతో ఆంప్లిఫయర్ లైన్ ఇన్‌కి తీసుకోండి. 5వ పిన్ను ఆడియో లోపలికి వెళ్లే దారి. దాన్ని వాడకుండా ఖాళీగా వదిలేస్తే గుయ్యిమనే రొద పట్టుకుంటుంది. ప్లగ్గులోనే 5నీ 2నీ కలిపేస్తే రొద బాగా తగ్గుతుంది.

ఇక అసలు సంగతికి వద్దాం. సిడ్‌ను రూపొందించింది బాబ్ యానెస్. తర్వాత ఎన్సోనిక్ అనే సింథసైజర్ కంపెనీని మొదలుపెట్టినవాళ్లలో ఆయనొకరు. అందులో ఉన్నవి మూడే గొంతులు. బ్రిటన్‌లో రాబ్ హబ్బర్డ్, మార్టిన్ గాల్వే లాంటివాళ్లు ఆటలకు సంగీతం కడుతూ, మూడు గొంతుల్లో కార్డులు (ఒకేసారి మోగే స్వరాల గుత్తులు) ఇమడక, సెకనులో యాభయ్యో వంతుకొక స్వరం చొప్పున మూడు స్వరాలను తిప్పి తిప్పి కొట్టి కార్డు వినిపిస్తున్న భ్రమ కల్పించేవారు. గిలగిలలాడే ఆ శబ్దమే ఈ మెషిన్ ముద్రగా నిలిచిపోయింది. మనకు ఆ అవస్థ లేదు. మన సంగీతంలో కార్డులే లేవు. పాటకు ఒక గొంతు, తంబూరకు రెండు, అంతే, సరిపోయింది.

రెండో సంగతి ఇంకా ముఖ్యం. సిడ్‌కు స్వరాన్ని 0 నుంచి 65535 వరకు ఉండే అంకెగా ఇస్తాం. పాల్ అనే టీవీ పద్ధతికి చేసిన మెషిన్ (మీది అదే) గడియారం సెకనుకు 9,85,248 సార్లు కొట్టుకుంటుంది కాబట్టి, హెర్ట్జ్‌ను 17.0284తో గుణిస్తే ఆ అంకె వస్తుంది. ఒకటో శ్రుతి షడ్జం 261.63 హెర్ట్జ్ అనుకుంటే 4455. ఆ చోట అంకె ఒకటి మారితే స్వరం సగం సెంటు కూడా కదలదు, అరస్వరానికి వంద సెంట్లు. అంటే వీణ మీద తీగ లాగినంత సన్నగా లాగొచ్చు. మాయామాళవగౌళకు నిష్పత్తుల ప్రకారం లెక్క ఇది: స 4455, రి 4752, గ 5569, మ 5940, ప 6683, ద 7128, ని 8353, పై స 8910. అంతర గాంధారం చూడండి. హార్మోనియం మెట్టు ప్రకారమైతే 5613 రావాలి. శ్రుతిలో కలిసే గాంధారం 5569, దాదాపు 14 సెంట్లు కింద. తంబూర పెట్టి రెండూ విని చూడమనండి, మీ అమ్మాయి తేడా పట్టేస్తుంది.

అమెరికా మెషిన్ గడియారం వేరు, సెకనుకు 10,22,727. అక్కడ ఇవే అంకెలు వేస్తే దాదాపు 65 సెంట్లు, అంటే అరస్వరంలో మూడింట రెండు వంతులు, పైకి పలుకుతాయి. వాళ్లు అన్నిటినీ 0.9634తో గుణించుకోవాలి, షడ్జం 4292 అవుతుంది.

ఇప్పుడు మొదటి ప్రోగ్రాం, మెషిన్‌లోనే ఉండే బేసిక్ భాషలో. పోక్ అంటే ఒక చోట అంకె రాయడం. తెలుగు లిపిలో రాస్తున్నాను, మీరు ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టండి. ఎస్, ఐ, ఎఫ్ లాంటివి ఒక్కొక్క అక్షరం పేర్లు.

10 ఎస్=54272
20 ఫర్ ఐ=0 టు 24: పోక్ ఎస్+ఐ,0: నెక్స్ట్
30 పోక్ ఎస్+24,15
40 పోక్ ఎస్+5,10: పోక్ ఎస్+6,9
50 ఫర్ ఐ=1 టు 8: రీడ్ ఎఫ్
60 హెచ్=ఇంట్(ఎఫ్/256)
70 పోక్ ఎస్,ఎఫ్-256*హెచ్: పోక్ ఎస్+1,హెచ్
80 పోక్ ఎస్+4,33
90 ఫర్ టి=1 టు 600: నెక్స్ట్
100 పోక్ ఎస్+4,32: నెక్స్ట్ ఐ
110 డేటా 4455,4752,5569,5940,6683,7128,8353,8910

20వ గీత చిప్పును శుభ్రం చేస్తుంది. అది లేకపోతే ఇంతకుముందు నడిచిన ప్రోగ్రాం తాలూకు గొంతు వెనకాల మోగుతూనే ఉంటుంది. 30 వాల్యూం. 40లో 10 అంటే మీటగానే మోగి, ఒకటిన్నర సెకన్లలో తగ్గిపోవడం. వీణ మీటులా వినిపించేది అందువల్లే. 80లో 33 అంటే రంపపు పళ్ల ఆకారం అల, మీటు మొదలు. 100లో 32 మీటు ముగింపు. శబ్దం రాకపోతే పీక్ ఆదేశంతో రిజిస్టర్లు (చిప్పులో అంకెలుండే చోట్లు) చదివి చూడాలనిపిస్తుంది, చూడకండి. ఈ చిప్పులో రాయడానికే తప్ప చదవడానికి వీలుండదు, చివరి నాలుగు రిజిస్టర్లు తప్ప. ఎక్కువసార్లు తప్పు 30వ గీతలోనే ఉంటుంది.

ఇది వినిపించాక అందరూ చేసే పని, 4752 నుంచి 5569 దాకా ఫర్ లూప్ పెట్టి రిషభం నుంచి గాంధారానికి జారు వేయడం. వేస్తే మధ్యలో మూడు చోట్ల పిచ్చుక కూతలా టక్కున కిందికి దిగి లేస్తుంది. ఎందుకంటే అంకె రెండు ముక్కలుగా వెళ్తుంది. 4863 అంటే పై ముక్క 18, కింది ముక్క 255. 4864 అంటే 19, 0. బేసిక్ ముందు కింది ముక్క మార్చగానే చిప్పులో 18, 0 మిగులుతుంది. అంటే 4608, రిషభం కన్నా కింద. బేసిక్ రెండో పోక్‌కి చేరేసరికి కొన్ని మిల్లీ సెకన్లు పడుతుంది, చెవి ఆ గెంతును పట్టేస్తుంది. ముందు పై ముక్క మార్చినా లాభం లేదు, ఈసారి పైకి గెంతుతుంది. బేసిక్‌లో దీనికి మందు లేదు. మెషిన్ కోడ్‌లో (ప్రాసెసర్ నేరుగా నడిపే అంకెల్లో) రెండు ముక్కల మధ్య వ్యవధి సెకనులో లక్షో వంతుకు లోపే. అందుకే గమకానికి చిన్న మెషిన్ కోడ్ తప్పదు. భయపడేంత కాదు, 26 అంకెలు:

120 ఫర్ ఐ=0 టు 25: రీడ్ బి: పోక్ 49152+ఐ,బి: సి=సి+బి: నెక్స్ట్
130 ఇఫ్ సి<>3473 దెన్ ప్రింట్ సి: స్టాప్
140 ఫర్ ఐ=0 టు 11: రీడ్ ఎఫ్: హెచ్=ఇంట్(ఎఫ్/256)
150 పోక్ 49408+ఐ,ఎఫ్-256*హెచ్: పోక్ 49664+ఐ,హెచ్: నెక్స్ట్
160 పోక్ ఎస్+3,2: పోక్ ఎస్+5,80: పోక్ ఎస్+6,245: పోక్ 251,0
170 పోక్ 56334,0: పోక్ 788,0: పోక్ 789,192: పోక్ 56334,1
180 పోక్ ఎస్+4,65
190 డేటా 166,251,189,0,193,141,0,212,189,0,194,141,1
200 డేటా 212,232,224,12,208,2,162,0,134,251,76,49,234
210 డేటా 5346,5643,5860,5940,5860,5643,5346,5049,4832,4752,4832,5049

130వ గీత ఆనాటి పత్రికల్లో అచ్చైన ప్రోగ్రాముల పద్ధతే. 26 అంకెల మొత్తం 3473 రాకపోతే ఎక్కడో తప్పు కొట్టారన్నమాట, ఆగిపోతుంది. ఆ కాపలా లేకుండా తప్పు మెషిన్ కోడ్ నడిపితే కంప్యూటర్ బిగుసుకుపోతుంది, అప్పటిదాకా కొట్టిందంతా పోతుంది. కాబట్టి రన్ అనే ముందే ఒకసారి సేవ్ చేయండి.

లోపల జరిగేది ఇది. కమోడోర్ కీబోర్డు చూసుకోవడానికి సెకనుకు దాదాపు 60 సార్లు చేస్తున్న పని ఆపి పక్కకు వెళ్తుంది. ఎక్కడికి వెళ్లాలో 788, 789లో రాసుంటుంది. 170వ గీత ఆ గడియారాన్ని క్షణం ఆపి, చిరునామా మార్చి, మళ్లీ నడిపిస్తుంది. ఆపకుండా మారిస్తే సగం మారిన చిరునామాకు వెళ్లి పడిపోవచ్చు. మన కోడ్ ప్రతిసారీ పట్టికలోంచి ఒక అంకె తీసి సిడ్‌కు ఇచ్చి, తర్వాత మామూలు పనికి దారి ఇస్తుంది. పన్నెండు అంకెలు, సెకనుకు 60, అంటే సెకనుకు అయిదు ఊపులు. ఆపాలంటే రన్ స్టాప్ నొక్కి పట్టుకుని రిస్టోర్ గట్టిగా కొట్టండి.

210వ గీతలో ఉన్నది తోడి గాంధారం. సాధారణ గాంధారం అక్కడ నిలబడదు కదా, రిషభానికీ మధ్యమానికీ మధ్య ఊగుతుంది. రి 4752, మ 5940. రెండింటికీ సరిగ్గా నడిమి అంకె 5346. షడ్జాన్ని ఆరు బై అయిదుతో గుణించినా అదే 5346 వస్తుంది. ఊగే స్వరానికి నడిమధ్యన సాధారణ గాంధారం దానంతటదే కూర్చుని ఉందన్నమాట, ఏ ఒక్క క్షణమూ అక్కడ ఆగకపోయినా. ఈ లెక్క చూస్తే నాకు ఎప్పుడూ ముచ్చటేస్తుంది.

అయితే ఈ పట్టికను ఉన్నదున్నట్టు వాయిస్తే అంబులెన్సులా ఉంటుంది. ఊపులన్నీ ఒకే కొలతలో ఉండటమే కారణం. పట్టికను 12 నుంచి 48కి పెంచి (200వ గీతలో 12 ఉన్న చోట 48, 140లో 11 బదులు 47, 130లో మొత్తం 3509) నాలుగు ఊపులూ వేర్వేరుగా రాయండి. మొదటిది చిన్నగా, రెండోది మధ్యమాన్ని తాకేలా, మూడోదానికి రిషభం దగ్గర రెండు అంకెలు ఎక్కువ నిలిపి. ఏ ఊపు ఎంత అన్నది నేను అంకెల్లో చెప్పేది కాదు. మీ అమ్మాయిని పక్కన కూర్చోబెట్టి, వీణ మీద లాగమని, వింటూ దిద్దుకోండి. పాశ్చాత్యుల కోసం చేసిన ట్రాకర్ ప్రోగ్రాముల్లో (పాటలు కట్టే ప్రోగ్రాములు) వైబ్రాటో అనే సౌకర్యం ఉంటుంది. అది స్వరానికి అటూ ఇటూ సమానంగా ఊపుతుంది, గమకానికి పనికి రాదు. జారుకైతే ప్రతి మెట్టుకూ సమాన అంకె కలపొద్దు, సమాన నిష్పత్తితో గుణించాలి. స నుంచి ప దాకా 12 మెట్లకు 1.0344. లేకపోతే కింద త్వరగా జారి పైన బద్ధకిస్తుంది.

కాలం విషయానికొస్తే ఒక అక్షరానికి 48 టిక్కులు (ఒక టిక్కు సెకనులో అరవయ్యో వంతు) తీసుకోండి. రెండో కాలానికి 24, మూడో కాలానికి 12, తిస్రం కావాలన్నా 16 చొప్పున తెగుతుంది. మూడో కాలంలో ఒక చిక్కు వస్తుంది: కొన్ని స్వరాలు ఉన్నట్టుండి ఆలస్యంగా మీటినట్టు వినిపిస్తాయి. మీ లెక్కలో తప్పు వెతక్కండి, అది సిడ్ లోపమే. స్వరం పెరిగి తగ్గే వేగాన్ని లెక్కపెట్టే లోపలి కౌంటర్, కొత్త విలువను దాటిపోయి ఉంటే పూర్తిగా ఒక చుట్టు తిరిగి రావాలి. అందుకు 33 మిల్లీ సెకన్ల దాకా పడుతుంది. తర్వాతి స్వరానికి రెండు టిక్కుల ముందే మీటు ఆపి, ఎస్+5, ఎస్+6 రెండింటిలో 0 వేసి, స్వరం మొదలయ్యేటప్పుడు అసలు విలువలు తిరిగి ఇస్తే ఆ ఆలస్యం పోతుంది.

తంబూరకు రెండో గొంతు ఎస్+7 నుంచి, మూడోది ఎస్+14 నుంచి మొదలవుతాయి. మంద్ర పంచమం 3341, స 4455 రెండుసార్లు, మంద్ర షడ్జం 2228. రెండు గొంతులకూ వంతులవారీగా ఇవ్వండి, లేకపోతే ప్రతి మీటూ ముందు మీటు కార్వను నరికేస్తుంది. పెరుగుదల, తగ్గుదలకు 43 వేస్తే రెండున్నర సెకన్లకు దగ్గరగా నిలుస్తుంది. తంబూర జీవానికి ఒక ఉపాయం ఉంది: పల్స్ అల, అంటే 65, ఎంచుకుని దాని వెడల్పును 256 నుంచి 1800 దాకా నెమ్మదిగా పెంచుతూ తగ్గిస్తూ పోండి. పై స్వరాలు ఒకదాని తర్వాత ఒకటి మెరుస్తాయి. ఫిల్టర్ జోలికి మాత్రం మొదట్లో వెళ్లకండి. 6581లో ఫిల్టర్ ఒక్కో చిప్పుకూ ఒక్కోలా పనిచేస్తుంది, ఒకరి మెషిన్లో బాగున్న విలువ మీ దగ్గర గొంతు మూసేయొచ్చు. మృదంగం కూడా కావాలంటే ఒక గొంతు తంబూర నుంచి తీసుకోవాలి. వీణ నేర్చుకునే పిల్లకైతే నా ఓటు రెండు గొంతుల తంబూరకే.

వేరే మెషిన్లు దొరికినవాళ్లకు క్లుప్తంగా. జెడ్ఎక్స్ స్పెక్ట్రమ్‌ను మన దేశంలో డెసిబెల్స్ కంపెనీ లైసెన్సు మీద అమ్మింది. అందులో బీప్ ఆదేశం అరస్వరాల్లో దశాంశాలను కూడా తీసుకుంటుంది. బీప్ 1,3.86 అంటే అచ్చమైన అంతర గాంధారం. రి 1.12, మ 4.98, ప 7.02, ద 8.14, ని 10.88. నిలకడ స్వరాలకు ఇంతకన్నా తేలిక పద్ధతి ఏ మెషిన్లోనూ లేదు. కానీ బీప్‌కీ బీప్‌కీ మధ్య లెక్క వేసుకోవడానికి ఆగుతుంది, గమకం ముక్కలవుతుంది. స్పెక్ట్రమ్ 128 మోడల్‌లోని ఏవై అనే శబ్దపు చిప్పు అలల నిడివిని అంకెగా తీసుకుంటుంది, 1773400 బై 16 బై హెర్ట్జ్. మధ్య షడ్జం దగ్గర మెట్టు 4 సెంట్లు, రెండు స్థాయిలు పైకెళ్తే 16 సెంట్లు. తారస్థాయిలో శ్రుతి కలవదు.

1984లో మొదలైన క్లాస్ పథకం కింద బడులకు వచ్చిన బీబీసీ మైక్రోలో సౌండ్ ఆదేశం మెట్టు అరస్వరంలో నాలుగో వంతు, 25 సెంట్లు. 14 సెంట్లు దించాల్సిన గాంధారం అందులో కుదరదు. కానీ ఊపు మాత్రం మెషిన్ కోడ్ లేకుండా వస్తుంది: ఎన్వలప్ 1,2,4,-4,4,2,4,2,126,0,0,-126,126,126 అని, తర్వాత సౌండ్ 1,1,65,40. మంద్ర షడ్జం కింద కొంచెం దూరానికే, 122 హెర్ట్జ్ దగ్గర, ఆ చిప్పు గొంతు ఆగిపోతుంది.

కొట్టిన ప్రోగ్రాంను క్యాసెట్‌లో దాచాలంటే డేటాసెట్ (కమోడోర్ క్యాసెట్ రికార్డర్) హెడ్‌ను ముందు ఆల్కహాల్‌తో తుడవండి. మన తేమకు పాత టేపుల మీద బూజు పడుతుంది, అలాంటి టేపు ఒక్కటి తిప్పితే హెడ్డు మూసుకుపోతుంది. సేవ్ చేసిన వెంటనే వెరిఫై ఇవ్వండి. మీరు సేవ్ చేసింది తిరిగి లోడ్ అవుతూ, మావయ్య పాత టేపులు మాత్రం అవకపోతే టేపులు పోయాయని అనుకోకండి. హెడ్ పక్కనున్న చిన్న స్క్రూ కోణం మారి ఉంటుంది. ప్లే నొక్కి ఉంచి, సన్నటి స్క్రూడ్రైవర్‌తో ఎనిమిదో వంతు చుట్టు చొప్పున తిప్పుతూ పాత టేపు లోడ్ అయ్యే చోటు వెతకండి. తిప్పే ముందు స్క్రూ గాటు ఎటుందో మార్కర్‌తో గుర్తు పెట్టుకోండి, మీ కొత్త టేపుల కోసం మళ్లీ అక్కడికే రావాలి.